అడిగితేనే చెప్పే కోరిక

“అమ్మమ్మా, కావాలె గని ఇంక దొరకనియి రాసిపెట్టుకునే చిట్టాను లాటిన్ల డెసిడెరాటా అంటరట. మా కాలేజి లైబ్రరీల లేని పుస్తకాలకు గట్లనే రాస్తం. మన దిక్కు ఏమంటరు?”

డెసి... మళ్ల ఒకపారి అను. డెసిడెరాటా. నోరు తిరుగుతలేదు గని బాగనే ఉన్నది. ఆ లాటిన్ ఎవలు మాట్లాడుతరే? ఇప్పుడు ఎవలూ మాట్లాడరా? మరి మాటెట్ల మిగిలింది? ఇచ్చెంత్రమే.

నేను సంతకం తప్ప రాయరాను, చిట్టా యాడ రాస్త? మేం కాజీపేట రైల్వే క్వార్టర్లల ఉండేది గదా. మీ అమ్మ కడుపుల... కాదు, మీ పెద్దమామ కడుపులున్నప్పుడు, పక్కింటి ఖైరున్‌బీ వచ్చి “క్యా ఖానే కో దిల్ బోల్రా” అనేది. ఎనకింటి తమిళామె “ఎన్న ఆసై” అనేది. మనోళ్లయితే “ఏం తినబుద్ధైతాంది” అంటరు. ఎవల మాట వాళ్లదే గని, అందరూ అడిగేటోళ్లే. కడుపుతోనున్నది తనంతట తాను నోరు తెర్వద్దు. తెరిస్తే ఆబ అంటరు. అడగాలె, అప్పుడే చెప్పాలె.

మా ఆడిబిడ్డ సత్తెమ్మ, మీ తాత అక్క, మాతోనే ఉండేది. ఆమె అడగలే. తొమ్మిది నెలలు అడగలే. బియ్యప్పిండితోని సర్వపిండి చేసేది సూడు, గంజు గిన్నె అడుక్కు అంటి ఎర్రగ మాడిన ముక్క, ఆ వాసనకే నాకు ప్రాణం లేసొచ్చేది. ఆ ముక్క తీసి తమ్మునికి పెట్టేది. నేను అడగలే. ఎందుకడుగుత? గియ్యాల్టి దాక మర్వలే.

పొద్దుగాల ఆమె బిడ్డ ఫోన్ చేసింది. సత్తెమ్మ హనుమకొండ దవాఖానల పడి నాలుగొద్దులాయె, ఏమీ తింటలేదట. ఇడ్లీ పెడితే మొకం తిప్పుకుంటాందట. ఏం గావాలెనో అడిగిన్రా అన్న. డాక్టరు చెప్పిందే పెడుతున్నం అత్తమ్మా అన్నది. సత్తెమ్మ తనంతట తాను చెప్తదా? సచ్చినా చెప్పదు. నా లెక్కనే.

నీ చిట్టాల గా మాడిన ముక్క గూడ రాసుకో, లేని పుస్తకాల కింద. సత్తెమ్మ కోసం పిండి కలిపి గంజుకు ఒత్తిన. జర మాడనియ్యి, మూత తియ్యకు. ముందుగాల డాక్టర్నడుగుత, తర్వాత ఆమెనడుగుత. ఏం తినబుద్ధైతాంది వదినా అని, వార్డుల అందరూ ఇనేటట్టు అడుగుత. తను అడగలే, నేనడిగిన. అది ఆమెకు యాదుండాలె.

ఆటోకు ఫోన్ చెయ్యి బిడ్డా. సల్లగుండు. నీకు నోరు రానప్పుడు అడిగేటోళ్లు నీ పక్కన ఉండాలె... ఆఁ, వాసనొస్తాంది, దించు.