ఎవరు గెలుస్తారో నన్నడక్కు

"మామ్మా, ఎల్లుండి వైజాగ్‌లో బాక్సింగ్ సెలక్షన్ మ్యాచ్. నేను గెలుస్తానో ఆ హర్యానా అమ్మాయి గెలుస్తుందో ఒక్క మాట చెప్పవా?"

ష్... ఊరుకోవే. ఆ ఫోనేంటి, రికార్డు చేస్తున్నావా? చేసుకో, నేనేం దొంగమాటలు మాట్లాడను గానీ ఆ ఒక్కటీ మాత్రం అడక్కు. ఎవరు గెలుస్తారో నన్నడక్కు దేవీ. మీ నాన్న డిగ్రీ పరీక్షలకి వెళ్తూ కాళ్ళకి దణ్ణం పెడితే 'రాసి రా నాయనా' అన్నానే గానీ ప్యాసవుతావని అన్లేదు. ఇప్పటికీ దెప్పుతాడు, మా అమ్మ నోట మంచిమాట రాదండీ అని. నిజమే, రాదు. రాకుండా చూసుకున్నాను.

నీకెవరు చెప్పేరు నా నాలిక సంగతి? మీ పెద్దత్తేనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా. సరే, చూడు. ఆఁ... కనబడిందా? కుడిపక్కన, మిరియం గింజంత. పుట్టినప్పట్నించీ ఉంది. నాలిక మీద మచ్చ ఉన్నవాళ్ళు ఏదంటే అది జరుగుతుందని నమ్మకం. నాకు ఆరేళ్ళప్పుడు... కాదు, ఏడు, మా తమ్ముడు పుట్టిన ఏడు, పక్కింటి వీరయ్య గారి గేదె చూడితో ఉంటే పెయ్యదూడ పుడుతుందన్నాను. పుట్టింది. అంతే, ఇంక ఊరంతా మా అరుగు మీదే. నా నోట్లో ఇంత బెల్లంముక్క పెట్టడం, అడగడం. కోర్టులో దావా నెగ్గుతుందా అమ్మాయ్, మావాడికి టీచరుద్యోగం వస్తుందా అమ్మాయ్ అని. బెల్లమంటే పడిచచ్చేదాన్ని, అడిగిన వాళ్ళందరికీ మంచే చెప్పేదాన్ని. తప్పినవి ఎవరికీ గుర్తుండేవి కాదు. నిజమైనవే నలుగురికీ చెప్పుకునేవారు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసమ్మా, తెలియక కాదు. తెలిసినా భయం పోదు, అదీ సంగతి.

మా పెద్దన్నయ్య, సూరన్నయ్య, నువ్వు ఫోటోలోనే చూసేవు. నీ ఒళ్ళు ఆయన ఒళ్ళే. ఎనభై రెండు కేజీలంటావు కదా నువ్వు, మా కాలంలో అయితే ఆడపిల్ల ఇంత బరువుందంటే నలుగురికీ తెలీకుండా దాచేవారు, నువ్వేమో ఏకంగా పేపర్లో వేయించుకున్నావు. నవ్వకు, ఏదో అన్నాన్లే. సూరన్నయ్య మిలట్రీలో చేరేడు. అక్కడ బాక్సింగ్ నేర్పేరు, బరువైన వాళ్ళందర్లోకీ బరువైనవాళ్ళ పోటీలో దించేవారు. మనూళ్ళో ఎవడికి తెలుసు ఆ ఆట? చేతులకి దిళ్ళు కట్టుకుని గుద్దుకుంటారంట అని నవ్వేవారు. ఓ వేసవిలో సెలవు మీద వచ్చినప్పుడు రాజమండ్రిలో పెద్దమనుషులు ఓ పోటీ పెట్టేరు. వైజాగు హార్బర్లో పనిచేసే అప్పల్రాజని ఒకాయన, ఆయనకీ మా అన్నయ్యకీ. నేల టిక్కెట్టు అర్ధరూపాయి. అప్పట్లో అర్ధరూపాయంటే ఇంటిల్లిపాదికీ కూరలొచ్చేవి.

మరి ఊరుకుంటారా? పొద్దున్నే నన్ను అరుగు మీద కూచోబెట్టేరు. నాకు పన్నెండేళ్ళు. బెల్లం పెట్టేరు. 'ఎవరు నెగ్గుతారే?' అన్నారు. మా అన్నయ్య గడపలో నించుని నవ్వుతున్నాడు, నేను ఆయన్ని చూసి ఇంకా రెచ్చిపోయేను. 'మా అన్నయ్యే! ఒక్క గుద్దుతో పడేస్తాడు!' అన్నాను. అందరూ చప్పట్లు. ఆడపిల్లని అలాంటి చోటికి ఎవరు తీసుకెళ్తారు చెప్పు, అయినా మా నాన్న నన్ను తీసుకెళ్ళేడు, నోరు దగ్గరుంటే మంచిదని. బొబ్బర్లంక దగ్గర లాంచీ ఎక్కి ధవళేశ్వరంలో దిగి, అక్కణ్ణించి జట్కాబండి. అన్నయ్య లాంచీలో నాకు జామకాయలు కొనిపెట్టేడు. అవెంత తియ్యగా ఉన్నాయో... సరే, ఎక్కడున్నాను?

ఆఁ, ఆ ఆట. అప్పల్రాజు గారు మా అన్నయ్య కంటే జానెడు ఎత్తు. మెళ్ళో ఎర్ర తువ్వాలు. వస్తూ వస్తూ ముందు వరసలో ఉన్న నన్ను చూసి, నవ్వి, చెయ్యి ఊపేడు. చిన్నపిల్లని కదా. గంట కొట్టేరు. వీళ్ళు తిరుగుతున్నారు, తిరుగుతున్నారు, జనం ఈలలు. మొదటి రౌండు అయిపోవస్తోంది అనగా మా అన్నయ్య ఒక్కటే, ఇదిగో ఇక్కడ, దవడ మీద. ఒక్కటే గుద్దు. ఆయన వెనక్కి పడ్డాడు. బల్లలు వేసి కట్టిన అరుగు అది, మీకున్నట్టు మెత్తగా ఏమీ లేదు. తల తగిలిన చప్పుడు నాకు వినబడింది. జనం అరుస్తున్నారు, మా నాన్న నన్ను భుజాల మీదికెత్తుకుని 'అన్నావే, అన్నట్టే అయిందే!' అంటున్నాడు. నేనూ అరిచేను. అరిచేను దేవీ, ఏం దాచను.

అప్పల్రాజు గారు లేవలేదు. పెద్దాసుపత్రిలో వేసేరు. మా అన్నయ్య అక్కణ్ణించి కదల్లేదు. కప్పు ఇచ్చేరు కదా, దాన్ని ఎవరికో ఇచ్చేసి వరండాలో గోడకి ఆనుకుని కూచున్నాడు. మేమూ అక్కడే. రెండోనాటికి వైజాగునించి వాళ్ళమ్మ వచ్చింది. సన్నగా, పొట్టిగా, అంత పెద్ద మనిషికి ఈవిడా అమ్మ అనిపించింది. లోపలికెళ్ళి వచ్చింది. 'నన్ను గుర్తుపట్టలేదమ్మా' అంది. ఎవరితోనంటే, నాతోనే. పెద్దవాళ్ళెవరూ ఆవిడ మొహం చూడలేక పక్కకి తిరిగిపోయేరు, నేనొక్కదాన్నే చూస్తున్నాను.

నా సంగతి ఆవిడకేం తెలుసు? నా నాలిక చూళ్ళేదు, ఎవరి చెల్లెల్నో కూడా తెలీదు. నా గడ్డం పట్టుకుని అడిగింది. 'చిన్నపిల్లల మాట దేవుడు వింటాడంటారమ్మా. మావోడు లెగుస్తాడని నీ నోటితో ఒక్కపాలి అను తల్లీ' అని.

నేను అన్లేదు.

నోరు రాలేదే. పళ్ళు బిగబట్టేను. అంటే ఇంకేమవుతుందో అని భయం. ముందు రోజు నేనన్న మాటవల్లే ఇదంతా అయిందని ఆవిడకి తెలిసిపోతుందని భయం. ఆవిడ రెండోసారి కూడా అడిగింది. నేను మా అన్నయ్య వెనక్కి వెళ్ళి దాక్కున్నాను. పాపం, పిల్ల బెదిరిపోయిందనుకుంది, తల నిమిరి వెళ్ళిపోయింది. తెల్లారేసరికి ఆయన పోయేడు.

మా అన్నయ్య మళ్ళీ ఆ గ్లవ్సులు తొడగలేదు. నన్ను ఒక్క మాట కూడా అన్లేదు, అది చెప్పాలి. పిల్లముండ, దానికేం తెలుసు అన్నాడట మా అమ్మతో. కానీ అప్పుడప్పుడూ అన్నం తింటూ తింటూ నా మొహం కేసి చూసేవాడు. ఎందుకు చూసేవాడో నేనెప్పుడూ అడగలేదు.

అందరూ ఏమనుకున్నారంటే, ఈ పిల్ల తనన్న మాటకే భయపడి జరగబోయేది చెప్పడం మానేసిందని. సగం నిజం. ఒక్క గుద్దు అన్నది ఏదో పిల్లతనంలే, అక్కడ అందరూ అవే కోతలు కోసేరు. నన్ను ఇన్నాళ్ళూ తినేసింది ఆ రెండోది. ఆవిడ అడిగింది. నేను అన్లేదు. అని ఉంటే? ఏమో. ఏమీ అయ్యేది కాదేమో. కనీసం ఆవిడ ఆ రాత్రి ఓ గంట కళ్ళు మూసేదేమో కదా.

నువ్వు మధ్యాహ్నం కంచంలో సగం వదిలేసేవు, చూసేను. పోయిన ఏడు ఆ హర్యానా పిల్ల ఎవరినో కొట్టింది, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళేరు, మీ అమ్మ ఫోన్లో చూపించింది. అప్పట్నించీ నాకూ నిద్ర లేదు. వెళ్ళొద్దంటే వింటావా? వినవు. సూరన్నయ్య ఒళ్ళే కాదు, మొండితనం కూడాను. మరి నువ్వు ఆ పిల్లని కొడితే? అదీ భయమే నాకు. అటు పడ్డా భయమే, ఇటు పడ్డా భయమే.

ఆ పిల్ల పేరేంటి?

"కవిత, మామ్మా."

కవిత. దానికీ ఓ మామ్మ ఉండే ఉంటుంది, ఈపాటికి అక్కడ గుండెలు బాదుకుంటూ.

ఇలా దగ్గరికి రా. చెయ్యి పట్టుకో. నలభై ఏళ్ళు కుండ మీద పూతరేకులు తీసిన చేతులివి, ఒక్క రేకు చిరగలేదు. గెలుపు సంగతి నాకొద్దు, అది నువ్వూ మీ కోచ్ గారూ చూసుకోండి. నేననేది విను. నువ్వు, ఆ కవిత, ఇద్దరూ ఎలా ఎక్కుతారో అలాగే మీ కాళ్ళ మీద మీరే నడిచి దిగుతారు. మీ అమ్మల్ని పేరుపెట్టి పిలుస్తారు... ఛ, పేరు పెట్టి ఏంటి, అమ్మా అని పిలుస్తారు. ఇద్దరూ. ఇళ్ళకెళ్ళి కంచం ఖాళీ చేస్తారు.

అనేసేను. అమ్మో... అనేసేనే.

ఏడవకు, పిచ్చిదానా, నేను ఏడవాలి గానీ. అక్కడికెళ్ళేక, ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు. తెలుగు రాదంటావేమో, హిందీలోనో దేన్లోనో చెప్పు. మా ఊళ్ళో ఓ ముసల్ది నీ గురించి కూడా మంచిమాట అందమ్మా, భయపడకుండా పడుకో అని చెప్పు. వాళ్ళ మామ్మకి కూడా ఫోన్ చేసి చెప్పమను...