గమనికల గడి

ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట బల్ల. ప్లాంటులో మరమ్మతు పనులను వరసగా రాసిచ్చే అక్క. ఆ వరసను షెడ్డులోని కంప్యూటర్లకు పంపే ప్రోగ్రాం రాసిన తమ్ముడు. లోపల ఉన్నది అక్క భర్త, ఫిట్టరు.

"ముందు లోపలి ఆవిరి వదిలెయ్యాలి, తర్వాతే మూత విప్పాలి అని రాశానా లేదా?"

"రాశావక్కా."

"ఎక్కడ రాశాను?"

"గమనికల గడిలో."

"మరి మీ బావ స్క్రీన్ మీద ఎందుకు లేదు?"

"షెడ్డు సాఫ్ట్‌వేర్లో ఆ గడి లేదు. మీ దాంట్లో ఉంది, వాళ్ల దాంట్లో లేదు. నేనెక్కడ పెట్టను? పని పేరు వెళ్తుంది, పనిముట్లు వెళ్తాయి, ఎన్ని నిమిషాలో వెళ్తుంది..."

"నిమిషాలు వెళ్తాయి."

"అక్కా, అది కాదు..."

"మూత విప్పడానికి అయిదు నిమిషాలు అని రాశాను. అది మాత్రం చక్కగా వెళ్లింది."

"డాక్టరు ఏమన్నాడు?"

"మాట మార్చకు. ఆ గడి వెళ్లడం లేదని నీకెప్పుడు తెలుసు?"

"ఆరు నెలలైంది. మేనేజరుకి చెప్పాను. తర్వాత చూద్దాం అన్నాడు."

"నాకు చెప్పావా?"

"చెబుదామనే అనుకున్నా. ఆదివారం మీ ఇంటికొచ్చినప్పుడు..."

"ఆరు నెలల్లో ఎన్ని ఆదివారాలురా? వచ్చావు, తిన్నావు, బావతో పేకాడి వెళ్లావు."

"బావ కళ్లు... రెండూనా?"

"రెండూ. ఆపరేషన్ కాలిన మొహానికే, చూపు ఇక రాదన్నారు."

"ఇంకో డాక్టరుకి చూపిద్దాం."

"ఇప్పటికి ముగ్గురు చూశారు. అక్కడ ఆ వరసలు పంపడం ఆపారా, లేదా?"

"లేదు. మధ్యాహ్నం షిఫ్టుకీ అలాగే వెళ్తున్నాయి."

"వెళ్తాయి. ఎందుకు ఆగుతాయి?"

"అంతా నావల్లే. తిట్టక్కా, నాలుగు తిట్టు."

"తిడితే ఏమొస్తుందిరా."

"అయినా బావ అంత తొందరపడే మనిషి కాదే. ఇదివరకు కాగితం పట్టుకుని నీ గదికొచ్చి, ఇంకేమైనా ఉందా అని అడిగితే గానీ పానా పట్టేవాడు కాదు."

"మెట్లెక్కి రావద్దన్నారుగా. అంతా స్క్రీన్ మీదే ఉంటుందన్నారు."

"పాత లైనైతే సరే. కొత్తగా వేసిన ఆవిరి లైను కదా, ఫోనైనా చెయ్యాల్సింది."

"చేశాడు."

"ఎప్పుడు?"

"పొద్దున పదిన్నరకి. ఇంకేమైనా ఉందా అన్నాడు. నేనేదో పనిలో ఉన్నా. స్క్రీన్ మీద ఉన్నట్టు చేసెయ్యి, మా తమ్ముడు రాసిన ప్రోగ్రాం, అందులో ఏదీ పోదు అన్నాను."