ఎనిమిదో పరమాణువు

శంషాబాద్, 2011. ఇంటర్ కాలేజీ స్టాఫ్ రూమ్. సెక్షన్ల జాబితా కోసం పిల్లలంతా బయట వరండాలో మూగారు. కెమిస్ట్రీ చెప్పే రాజశేఖర్ కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. అఖిల, ఆమె తండ్రి మొగులయ్య నిలబడే ఉన్నారు.

"ఒక్క మార్కు కోసం నాన్నను వెంటబెట్టుకొచ్చావా?"

"ఆ ఒక్క మార్కుకే నన్ను మొదటి సెక్షన్ల నుంచి తీసేస్తున్నరు గద సార్!"

"తొంభై ఎనిమిది గ్రాముల సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో పరమాణువులెన్ని? అవొగాడ్రో సంఖ్యకు ఎనిమిది రెట్లు. ఆన్సర్ కీలో అంతే ఉంది. నువ్వు ఏడు రెట్లు రాశావు."

"ఏడే సార్. ఒక్క అణువుల..."

"కీ హెడ్డాఫీసు నుంచి వస్తుందమ్మా. నీకంటే చదువుకున్నవాళ్లే చేస్తారు."

"జర ఆగుండ్రి సార్. నేను ఎయిర్‌పోర్టు కార్గోల డబ్బాలు లెక్కవెట్టెటోన్ని, ఆసిడ్ సంగతి నాకు తెల్వది. బిడ్డా, ఒక్క అణువుల ఏమేం ఉంటయే?"

"హైడ్రోజన్ రెండు, సల్ఫర్ ఒకటి, ఆక్సిజన్ నాలుగు బాపూ."

"రెండు, ఒకటి, నాలుగు. ఏడే అయితున్నయి గద సార్? ఇగో, నా వేళ్లు మీరు గూడ లెక్కవెట్టుండ్రి."

"ఏంటయ్యా? విమానం మోత, వినపడట్లేదు."

"పోనీయుండ్రి, ఆగుతం... ఆఁ, పోయింది. ఏడు సార్."

"ఏమయ్యా, కెమిస్ట్రీ అంటే డబ్బాలు లెక్కపెట్టడమా? సెక్షన్‌లో అరవై మంది. యాభై తొమ్మిది మంది ఎనిమిదే రాశారు. వాళ్లంతా వెర్రివాళ్లు, మీ అమ్మాయొక్కతే మేధావా?"

"అందరూ ఎనిమిదేనా?"

"ఎనిమిదే!"

"ఒక్కరన్న ఆరు రాయలే? తొమ్మిది రాయలే?"

"లేదంటున్నానుగా! మా దగ్గర క్రమశిక్షణ అలా ఉంటుంది."

"మా కార్గోల పది మందిమి లెక్కవెడ్తం సార్. తప్పు పోయిందనుకో, ఒకనికి ఒకటి తక్కువొస్తది, ఇంకొకనికి రెండు ఎక్కువొస్తయి. అందరికీ ఒక్కటే తప్పొచ్చిందంటే, ఎవ్వడూ డబ్బాల దిక్కే పోలేదు, కాయితం చూసి రాసిండ్రని. మీ కీ పరీక్షకు ముందుగాలనే పిల్లల చేతికెట్లొచ్చింది సార్?"

"ఏంటయ్యా?"

"ఇప్పుడు ఇమానం గూడ లేదు గద సార్. వినవడలేదా?"

"అయ్యో మొగులయ్య గారూ, ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నారేంటండీ! కూర్చోండి, కూర్చోండి. అఖిలా, ఆ తలుపు కొంచెం వెయ్యమ్మా."

"తెరిశే ఉండనీయుండ్రి సార్. యాభై తొమ్మిది మంది బయటనే నిలబడి వింటున్నరు."