పొదోర్‌కు పొట్టేలును పంపిన సాఫ్ట్‌వేర్

హమాది వాన్ మొదట చెప్పుకున్నది చిన్న సంగతే. రుఫిస్క్‌లోని తన ఇంటి కంప్యూటర్ నుంచి ఎంతో దూరాన పొదోర్‌లో ఉన్న తమ్ముడి కంప్యూటర్‌కు ఫైళ్ళు పంపడానికి తగిన సాఫ్ట్‌వేర్‌ను తానే స్వయంగా ఎంచుకున్నానన్నాడు. అంతవరకు నమ్మదగినదే. యాసిన్ చేతిలోని కుట్టుపని పక్కన పెట్టి వినడానికి కారణమూ అదే.

ఆమె అవసరం అటువంటిది. ఏళ్ళ తరబడి గీసుకున్న ఎంబ్రాయిడరీ డిజైన్లన్నీ లోపలి గదిలో మూలుగుతున్న పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. అది ఏ రోజు ఊపిరి వదులుతుందో తెలియదు. కౌలాక్‌లో చెల్లెలు జైనబ కొత్తగా దుకాణం తెరిచింది. ఇంటింటా పొట్టేలును కోసి, కొత్తబట్టలు కట్టే తబస్కీ పండగ దగ్గరపడింది. డిజైన్లు చేరకపోతే చెల్లెలి కొత్త మిషను పండగ బట్టలు చూడకుండానే మూలన కూర్చుంటుంది. ఇంటర్నెట్‌లో పంపబోతే సగంలో తెగిపోతోంది. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఎప్పుడో పాడైంది. ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలో తేలక, తనకు తెలుసన్న హమాదిని పిలిచింది. వరసకు ఆయన చిన్నమామగారు.

అరుగు మీద లాతీర్ న్గోమ్ కుంపటిలో బొగ్గులు ఎగదోసి, మొదటి గ్లాసు టీని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నురగ వచ్చేలా తిరగబోస్తున్నాడు. బస్సు తోలడం మానేసిన నాటినుంచి ఆ వీధికి టీ కాచే బాధ్యత ఆయనదే.

"ఎంచుకోవడమంటే మాటలా, కోడలు పిల్లా?" అన్నాడు హమాది. "చేపల అంగట్లో మొప్పలెత్తి చూసినట్టు ఒక్కోదాన్నీ ఎత్తి చూశాను. ఒకటేమో ఉచితమంటుంది, లోపలికొచ్చాక ప్రకటనలతో ఇల్లు నింపుతుంది. ఇంకోటి పాస్‌వర్డ్ అడిగి, చెప్పాక మళ్ళీ ఎవరు నువ్వంటుంది. చివరికొకటి చిక్కింది. తమ్ముడి పెళ్ళి ఫోటో ఒకటి ఇచ్చి చూశా. మీట మీంచి వేలు ఎత్తానో లేదో, 'అన్నా, అందింది' అని ఫోను!"

"అంత వేగమే!" అంది పక్కింటి అరామ్.

"వేగమా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండోది ఏ ఫోటో పంపాలా అని నేనింకా తేల్చుకోనేలేదు, అందిందని ఫోను! మూడోదైతే ముందురోజే చేరింది."

ముందురోజు చేరడమన్నది యాసిన్‌కు మింగుడుపడలేదు. అయినా ప్రతి అతిశయం అడుగునా ఎంతో కొంత నిజం ఉంటుందని ఆమె నమ్మకం. అది ఎంత అన్నదే తేలవలసి ఉంది.

విడత విడతకూ తీపి పెరిగే ఆ టీ రెండో గ్లాసు వచ్చేసరికి హమాది గొంతులోకి కూడా చక్కెర దిగింది.

"ఫోటోలు పంపడం పిల్లలాట. మా అమ్మకి తబస్కీ పొట్టేలు పంపాలి. ఏం చెయ్యను? పొట్టేల్ని తెచ్చి కంప్యూటర్ ముందు నిలబెట్టా."

"నిలబడిందా?" అన్నాడు లాతీర్, కెటిల్ మీంచి చూపు తిప్పకుండా.

"కుర్చీ వేస్తే కూర్చుంది! సాఫ్ట్‌వేర్ దాన్ని నొక్కి నొక్కి పిల్లికూనంత చేసింది. ముందు అరుపు వెళ్ళింది, అది తేలిక కదా! పొదోర్‌లో అమ్మ గదిలో అరుపు దిగింది, పొట్టేలు లేదు. వీధివాళ్ళంతా వచ్చి అరుపుకే గడ్డి వేశారు, తినేసింది! తర్వాత ఉన్ని వచ్చింది, కాళ్ళొచ్చాయి, కొమ్ముల దగ్గర ఇరుక్కుంది. తీగేమో తిన్నన, కొమ్ములేమో వంకర. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది."

"అయ్యో, పాపం దాని తల!" అంది అరామ్.

"అందుకే కదమ్మా ఎంచుకోవాలనేది! నాసిరకందైతే మళ్ళీ అరుపు దగ్గర్నుంచి మొదలెట్టాలి. నాది ఆగినచోటే అందుకుని కొమ్ముల్ని మెలితిప్పి పంపింది. అదేమన్నా గొప్పా? మొన్న ఉపవాసాల నెలాఖరున పొదోర్‌లో మబ్బు, నెలవంక కనపళ్ళేదు. నాకిక్కడ కనపడింది. పంపేశా. అంతలో మబ్బు తొలిగి వాళ్ళదీ బయటికొచ్చింది. ఒకే ఆకాశంలో రెండు! సగం ఊరు ఇవాళంది, సగం ఊరు రేపంది. ఏటా పండగ రెండు రోజులు ఎందుకొస్తోందనుకున్నారు మీరు? నా వల్లే!"

పండగ తేదీల తగవు హమాది పుట్టకముందునుంచీ ఉన్నదని యాసిన్‌కు తెలుసు. ఆ మాట అనేలోపే ఆయన లేచి చొక్కా చేతులు మడిచాడు.

"ఇక నీ కంప్యూటర్ తీసుకురా. ముందు లోపలున్నదంతా తుడిచేస్తా. దారి ఖాళీగా ఉంటేనే సాఫ్ట్‌వేర్ పరిగెడుతుంది."

యాసిన్ లేవబోయి ఆగింది. "డిజైన్లు కూడానా, మామయ్యా?"

"తుడిచినవి కూడా పంపగలదే అది!"

భర్త చిన్నాన్నను నలుగురిలో కాదనడం కోడలి నోట రాని మాట. అరామ్ కూడా అనకూడదు, వయసులో చిన్నది. అనగలిగినవాడు అక్కడ ఒక్కడే. హమాది పులార్, లాతీర్ సెరేర్. ఆ రెండు జాతుల మధ్య తాతలనాటి బావామరుదుల వేళాకోళం ఉంది. ఎంత మాట అన్నా అవతలివాడు కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడే నలుగురిలో పలచనవుతాడు.

"కూర్చో బావా, తిండిపోతు బావా," అన్నాడు లాతీర్. "పొదోర్ బస్సు తోలింది నేనే, మరిచావా? కంప్యూటర్‌కి దుప్పటి చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నదెవరు? 'ఏ సాఫ్ట్‌వేరూ కుదర్లేదు లాతీర్, అమ్మకి పెళ్ళి ఫోటోలు చూపించాలి, పెట్టెనే మోసుకుపోతున్నా' అన్నదెవరు? గుంత వచ్చినప్పుడల్లా 'మెల్లగా పోనియ్, లోపల పెళ్ళికూతురుంది' అని నా బుర్ర తిన్నదెవరు?"

అరామ్ నవ్వలేక గోడకు చేరగిలబడింది. హమాది ముఖం కందింది గాని ఆచారం కాళ్ళు కట్టేసింది. ఆయనా నవ్వవలసి వచ్చింది. యాసిన్ ఒక్కతే నవ్వలేదు. ఆ మధ్యాహ్నమంతటిలో సాక్షి ఉన్న మాట అది ఒక్కటే.

"మామయ్యా, అక్కడ ఫోటోలన్నీ తెరుచుకున్నాయా?"

హమాది గ్లాసులోకి చూశాడు. "ఒక్కటీ పోలేదమ్మా. అమ్మ అన్నీ చూసింది."

అంత పొట్టి మాట ఆయన నోట ఆ వీధి ఎన్నడూ వినలేదు. యాసిన్ లోపలికి వెళ్ళి మందపాటి దుప్పటి తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"అయితే రేపటి కౌలాక్ బస్సులో మీరే తీసుకెళ్ళాలి. తుడవొద్దు, తెరవొద్దు, ఒళ్ళోంచి దించొద్దు."

లాతీర్ మూడో గ్లాసు అందించాడు. హమాది తాగి, మూతి తుడుచుకుని, గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట. బస్సులో వచ్చిందని జైనబకి చెప్పకు. సాఫ్ట్‌వేర్‌లో వచ్చిందని చెప్పు."

"మరి పెట్టె పట్టుకుని గుమ్మంలో మీరెందుకున్నారంటే?"

"నన్నూ దాంట్లోనే పంపారంటాను."