తొమ్మిదో నంబరు బూట్లు

"మాస్టారూ, సత్తిరాజు మాస్టారూ! నా బూట్ల కింద ఒక్క స్టడ్డూ లేదండి! మేకులతో కొట్టిన తోలుబిళ్ళలు పన్నెండూ పీకేసేరెవరో!"

(1984. అమలాపురంలో కౌశిక ఫుట్‌బాల్ క్లబ్బు గది. ఫైనల్‌కి గంట వ్యవధి. దానియేలు ఇప్పటి ఫార్వర్డు. సత్తిరాజు ఒకప్పటి ఫార్వర్డు, ఇప్పుడు గ్రౌండూ బూట్లూ చూసుకునే మనిషి.)

"అరవకు దానియేలూ. బయట జనం ఉన్నారు."

"అరవక ఏం చెయ్యమంటారండి? అడుగు చూడండి, అప్పడాల పీటలా ఉంది! పొద్దున్న వానకి గ్రౌండంతా బురద. వీటితో పరిగెడితే గోల్లోకి కాదు, కాలవలోకి పోతాను."

"కేన్వాసు బూట్లేసుకో."

"అవీ జారతాయండి."

"ఒట్టికాళ్ళతో ఆడు. మా రోజుల్లో మేమంతా..."

"రిఫరీ దిగనివ్వడండి! బూట్లు లేనివాడికి ఈ టోర్నమెంటులో చోటు లేదని మొన్న మీరే కదా చెప్పేరు?"

"చెప్పేనా? ఆయ్, చెప్పేను."

"రైల్వే టీముకి మనుషుల్ని ఎంచేవారు వచ్చేసేరు. టెంటు కింద బొండం తాగుతున్నారు. వచ్చే నెలకి నాకు ఇరవైమూడు నిండుతాయి, ఆపైన తీసుకోరు. ఇవ్వాళ కాకపోతే ఇంక లేదు మాస్టారూ. మా అమ్మ పొద్దున్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"ఆ బూట్లు మంచివి కావురా. వదిలెయ్."

"మంచివి కావా! క్లబ్బులో తొమ్మిదో నంబరు ఫార్వర్డు తొడిగే బూట్లండి ఇవి! డెబ్బైలో మీరు తొడిగేరు. మీ తర్వాత బుచ్చిరాజు గారు, ఆయన తర్వాత సత్తియ్య గారు. పొట్టయితే వేళ్ళు ముడుచుకునీ, వదులైతే గుడ్డపీలికలు కుక్కుకునీ అందరూ వీటితోనే గోల్సు కొట్టేరు."

"బుచ్చిరాజు ఏమయ్యేడు?"

"మండపేట మీద ఎడంకాలితో మూడు..."

"అది కాదు. రైల్వే వాళ్ళు చూడ్డానికొచ్చిన రోజు?"

"మేకు పైకి పొడుచుకొచ్చి అరికాల్లో దిగింది. చీము పట్టి రెండు వేళ్ళు తీసేసేరు. ఇప్పుడు రైసు మిల్లులో కాటా దగ్గరుంటున్నారు."

"సత్తియ్యో?"

"డెబ్బైతొమ్మిదిలో. తలతో కొడితే గోల్‌కీపరుకి బంతి కనపడేది కాదంటారు. సెలక్షను రోజున స్టడ్డు ఊడి జారిపడ్డారు. మోకాలు పోయింది. మామిడికుదురులో సైకిలు షాపు."

"చూసేవా? శని పట్టిన బూట్లు."

"శని పట్కారుతో వచ్చి స్టడ్లు పీకుతుందాండి?"

"వెటకారం చెయ్యకు."

"గది తాళం ఎవరి దగ్గరుందండి?"

"సెక్రటరీ అచ్యుతరామయ్య గారి దగ్గర."

"ఆయన నిన్న మురమళ్ళ కల్యాణానికెళ్ళి ఇంకా రాలేదు. రెండో తాళంచెవి?"

"ఏమో."

"ఏమో ఏంటండి, మీ మొలతాడుకే వేలాడుతోందిగా! ఆ చెయ్యెందుకు వెనక్కి పెట్టేరు?"

"సున్నం గీతలు వేస్తుంటే గీసుకుంది."

"సున్నానికి చెయ్యి తెగుతుందా? చూపించండి. ఏదీ, చూపించండి... తుప్పు. రక్తం. మాస్టారూ!"

"వదులు."

"బూట్లకి నూనె రాసేది మీరు. మేకులు చూసేది మీరు. మీరు కాక ఎవరండి? నేనేం చేసేనండి మీకు? చెప్పండి!"

"నువ్వేం చెయ్యలేదురా. నేనే. అన్నీ నేనే. డెబ్బైరెండులో నాకూ రైల్వే పిలుపొచ్చింది. నువ్వు పోతే క్లబ్బు పోతుందని పెద్దలు బతిమాలేరు, ఉండిపోయేను. రెండేళ్ళకి బుచ్చిరాజు వచ్చేడు. నన్ను తీసి గట్టు మీద కూచోపెట్టేరు. వాడు వెళ్ళిపోతాడనగా రెండు మేకులు వదులు చేసేను. సత్తియ్యకీ అంతే. క్లబ్బు కోసమని నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. నేనెక్కని రైలు ఎవడూ ఎక్కకూడదని. తెల్లవారుజామున నీవీ వదులు చేసేను. తర్వాత మీ అమ్మ సువార్తమ్మ వచ్చింది. ఈ గుమ్మంలో మోకరించి, బూట్ల మీద చెయ్యేసి ప్రార్థన చేసుకుంది. లేచి, 'మా వాడి కాళ్ళు మీ చేతిలో పెట్టేనండి' అని నాకు దణ్ణం పెట్టింది. ఆవిడ వెళ్ళేక మళ్ళీ బిగిద్దామని సుత్తి తీసేను. ఏ మేకు వదులు చేసేనో తెలియలేదురా. చూపు ఆనడం లేదు. ఒక్కటి మిగిలినా నీ కాల్లో దిగుతుంది. అందుకే పన్నెండూ పీకేసేను. బూట్లు బాగుచేసే నూకయ్య దగ్గరికెళ్దామంటే, ఎందుకు పీకేవని అడుగుతాడని కాళ్ళు రాలేదు. ఇవిగో, పంచె మడతలో ఉన్నాయి. పట్టుకుని పరిగెత్తు. కొత్త మేకులతో కొట్టించు, అరగంట పని. అక్కడే నిలబడి చూసుకో. తిరిగొచ్చేక ఆ బూట్లు ఎవరి చేతికైనా ఇవ్వు గానీ, నా చేతికి మాత్రం ఇవ్వకు."