డెల్బర్ట్ కెమెరా మెరుపులు

పెన్సిల్వేనియాలో ఒక పాత రైలు ఊరు. అక్కడి చర్చి కింద నేలమాళిగలో బొమ్మ రైళ్ళ సంఘం. శనివారం ఉదయం కాఫీ, డోనట్ల దగ్గర అందరూ చేరారు. వచ్చేవారం ఊరి జనం చూడ్డానికొస్తారు, బొమ్మ కొండ మీద గాలివాన చూపించాలి. పాత కెమెరాల్లోంచి ఫ్లాషులు పీకి మెరుపులు పుట్టించే పని ఎవరిదో ఆ పూటే తేలాలి. డెల్బర్ట్ సంఘంలో చేరిన నాటి నుంచీ కొండకి చెట్లే అతికిస్తున్నాడు. ఈసారీ మెరుపులు చేతికి రాకపోతే మళ్ళీ జిగురు సీసానే. అందుకని డోనట్టు కూడా ముట్టుకోకుండా మొదలెట్టాడు.

“మెరుపులా? మా ఇంటి కింద గదిలో ఏనాడో చేశాను. పెద్ద సంగతేం కాదు. ఒకసారి వాడి పారేసే కెమెరా ఒకటి విప్పి, దాని ఫ్లాషు నా కొండ వెనకాల పెట్టి మీట నొక్కా, అంతే. మా ఆవిడ పెరట్లోకి పరుగెత్తి ఆరేసిన బట్టలు తీసేసింది.”

“తీసే ఉంటుంది,” అంది సంఘం పెద్ద లొరేన్.

డెల్బర్ట్‌కి ఆ మాత్రం చాలు.

“ఒకటేం ఆనుతుందని ఇంకో డజను తగిలించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటి కుక్క మంచం కింద దూరింది. ఉరుములకి పాలు విరుగుతాయంటారు కదా, మా ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి. అదీ వింత కాదనుకోండి, నా గూడ్సు బండి మీద పాలక్యాన్లున్నాయి, ప్లాస్టిక్‌వి, అవి కూడా పులిసిన కంపు కొట్టాయి.”

“ప్లాస్టిక్ పాలు పులిశాయా?” అన్నాడు బల్లకి అవతల కూర్చున్న ఎమిల్.

“పాలెక్కడివయ్యా, క్యాన్లన్నాను. లేనిది నేనెందుకు చెబుతాను? సరే, పాత కెమెరాలో వెలుతురు తగ్గించడానికి రేకులు ముడుచుకునే కన్నొకటి ఉంటుంది చూడండి, దాన్ని దీపానికి బిగించి నా కొండ మీదికి సాయంత్రం తెప్పించా. కాస్త ఎక్కువ ముడిచానేమో, మర్నాడు మా వీధిలో పది దాకా తెల్లారలేదు. బడి బస్సు లైట్లేసుకుని వచ్చింది.”

“మా వీధిలో తెల్లారిందే!”

“మీది వాగుకి అవతల కదా ఎమిల్, అంతదాకా బిగించలేదు. ఇంతలో పైనున్న నిజం మేఘాలు నా మెరుపులు చూసి, తమ వాళ్ళెవరో ముందే చేరారనుకుని వచ్చి మా ఇంటి మీద ఆగాయి. కుండపోత! మూడు జిల్లాల్లో బేస్‌బాల్ ఆటలు ఆగిపోయాయి. నా స్టేషన్లో నిలబెట్టిన బొమ్మ ప్రయాణికులు, అంగుళం కూడా ఉండరు పాపం, పొద్దున చూద్దును కదా, అందరూ చూరు కిందికి జరిగి ఉన్నారు. ఒకాయన ఇప్పటికీ నాకేసి గుర్రుగానే చూస్తాడు. వాతావరణ ఆఫీసు మనిషొచ్చి, ‘అయ్యా, ఈసారి నొక్కేముందు మాకో మాట చెప్పండి’ అని బతిమాలాడు. ఎలా నొక్కానంటారా, ఇదిగో...”

బల్లమీద మూత తీసి పెట్టిన కెమెరాని రెండు చేతులా ఎత్తాడు.

అందరూ అతని చేతులకేసే చూశారు.

“డెల్బర్టూ, నువ్వు నిజంగా ఒక్కటైనా విప్పావా?” అంది లొరేన్.

“అదేం మాట? వందలు.”

“మమ్మల్నోసారి చూడు.”

చూశాడు. బల్ల చుట్టూ ఉన్న అందరి కుడిచేతుల్లోనూ కాఫీ కప్పులున్నాయి. ఎడమచేతులన్నీ జేబుల్లో ఉన్నాయి.

“బ్యాటరీ తీసేసినా అందులో కరెంటు దాక్కుని ఉంటుంది,” అంది లొరేన్. “రెండు చేతులూ పెడితే గుండెల మీదుగా పోతుంది. ఒక్కటి విప్పినవాడెవడూ మూత తీసిన కెమెరా దగ్గర మళ్ళీ రెండోచెయ్యి బయటికి తియ్యడు. దాన్ని పొద్దున్నే నేను ఖాళీ చేశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి ఆ డోనట్ల మీద పడి ఉండేవాడివి.”

డెల్బర్ట్ కెమెరాని మెల్లగా కింద పెట్టాడు. “అయితే నాకు మళ్ళీ చెట్లేనా?” అన్నాడు.

లొరేన్ డోనట్ల పెట్టె అతని ముందుకి జరిపింది.

“మెరుపులు ఎమిల్ చూస్తాడు. ఉరుములకే ఎవరూ లేరు. నువ్వు కొండ వెనకాల కూర్చుని ఉరుము.”

డెల్బర్ట్ డోనట్టు తీసుకున్నాడు.

“ఎంత దూరం వినబడాలి?”

“ఈ గది దాటకుండా చూసుకో చాలు,” అంది లొరేన్.