గావ్డి అంటే ఆవు

ఏందమ్మా భానూ, ఆ ఫొటోల ఆఖర్న చీపురు పట్టుకొని నిలబడ్డామె ఎవరనా? కూసో, కరెంటొచ్చేదాంక చెప్త. ఆ కుర్చీ కాలు ఊగుతది, గోడకు ఆన్చుకొని కూసో. ఆమె పేరు సక్రిబాయి. లంబాడామె. నీకిప్పుడు కొత్తగ పోస్టింగొచ్చిన బడే, మన చంపాపేట్ మెయిన్ రోడ్డు ఎనకాలది, అండ్ల ఊడ్శేటిది. నేను ఒకటో తరగతి సారును. ఇప్పుడు మీకు టైల్సేసిండ్రట గద, రూముకు రెండు ఫ్యాన్లట. మాకు సక్కటి గచ్చు గూడ లేకుండె. పంద్రాగస్టు నాడు దిగినం ఆ ఫొటో. ‘ఆ చీపురామెను జర పక్కకు జరగమను’ అన్నడు ఫొటో తీశేటోడు. ఆమె జరగలె. ఆమె సచ్చిపోయి పదిహేనేండ్లు దాటింది. అందుకే చెప్తున్న, బతికుంటే ఆమె ఉన్న దిక్కే చూడకపోదును.

అప్పట్ల మన దిక్కు అంత ఖాళీ ప్లాట్లే. దేవరకొండ దిక్కుకెళ్లి లంబాడోళ్లు వొచ్చి గుడిసెలేసుకున్నరు. పునాదులు తవ్వుడు, కంకర మోసుడు. గిప్పుడు నువ్వు చూస్తున్న అపార్ట్‌మెంట్లు గాలిల లేశినయా మరి? వాళ్ల పిల్లలు నా క్లాసుల కూసునేటోళ్లు. ముప్పై మంది పిల్లలల్ల పద్దెనిమిది మంది వాళ్లే. ‘అ అంటే అమ్మ’ అంటే నా మొకం చూసేటోళ్లు. వాళ్లింట్ల అమ్మను యాడి అంటరు. ఎవలికి సమజైతది? పలక మీద అక్షరం మాత్రం గుండ్రంగ దిద్దేటోళ్లు, పాపం. దిద్దిందేందో అడిగితే నోరు పెగలదు. మా హెడ్మాస్టర్ జోగారావు, కృష్ణా జిల్లాయన, తెల్ల ప్యాంటు, జేబుల రెండు పెన్నులు, దిల్‌సుఖ్‌నగర్‌ల సొంతిల్లు. ‘ఏంటండీ సిద్దిరాములు గారూ, వీళ్ళని తీసుకొచ్చి మన నెత్తిన పడేశారు. ఒక్కడికీ బుర్ర లేదు’ అనేటోడు. నేను ఆ ఆ అని తలకాయ ఊపేటోణ్ణి.

ఊపక ఏం జేస్త? నేను ‘గట్ల’ అంటే ‘గట్ల ఏవిటండీ గట్ల, పిల్లలకి కూడా ఇదే నేర్పుతారా?’ అని స్టాఫు ముంగట నవ్వేటోడు. అందరు నవ్వేటోళ్లు. కుసుమకుమారి టీచరైతే కొంగు నోట్ల కుక్కుకునేది. నేను నల్లగొండ జిల్లా, మా నాయినకు గొర్లుండె, నాకు వచ్చిన తెలుగు గదే. ఇరవై ఏండ్లు బడిల ‘అలాగేనండి, వెళ్ళొస్తానండి’ అని మాట్లాడి, ఇంటికొచ్చి మీ అండాలు పెద్దమ్మ తోని సక్కగ మాట్లాడేటోణ్ణి. ‘ఏందయ్యా, బడికాడ ఒక నోరు, ఇంటికాడ ఒక నోరు’ అనేది ఆమె. నవ్వుతవేంది? నవ్వేటందుకేం లేదు అండ్ల. ఇజ్జత్ పోతదంటే మనిషి ఎంత దూరమన్న పోతడు.

ఇగ సక్రి సంగతి. పొద్దున ఊడ్శి పోవాలె ఆమె. పోకపోయేది. ఆమె బిడ్డ జాంకి నా క్లాసులనే, ఏడేండ్ల పిల్ల. చీపురు పట్టుకొని గడప కాడ నిలబడేది. నేను ‘పుస్తకం తెరువుండ్రి’ అంటే ఆమె ఎనకనుంచి లంబాడీల అందుకునేది. టపటప తెరిచేటోళ్లు. నేను ఆవు బొమ్మ చూపిచ్చి ‘ఆవు’ అంటే ‘గావ్డి’ అనేది. అప్పుడు పిల్లలందరు ఒక్కసారే ‘ఆవూ’ అని అరిచేటోళ్లు, పైకప్పు లేశిపోయినట్టు. రెండు నెలలల్ల పద్దెనిమిది మంది పేర్లు రాసుడు నేర్చిండ్రు. జోగారావు సారు ఒకసారి తొంగిచూసి, ‘బానే కుదిరిందండీ మీకు అసిస్టెంటు’ అని పోయిండు. మొన్న నువ్వు తెచ్చి చూపిచ్చినవ్ గద ఒక పుస్తకం, ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు లంబాడీ, రంగు రంగుల బొమ్మలు, ఎనక అట్ట మీద పది మంది పెద్దోళ్ల పేర్లు? దానికి మూడు రోజుల ట్రైనింగట, ఏసీ హాలట. గదే పని ఆమె చీపురు కట్టతోని నిలబడి చేసింది బిడ్డా. ఒక్క కాయితం మీదనన్న ఆమె పేరున్నదా? ఎవ్వడు రాస్తడు?

ఎన్ని రోజులు నడుస్తది గట్ల? ఒకనాడు పై ఆఫీసు నుంచి ఎవరో ఒకాయన వొచ్చిండు. క్లాసుల స్వీపర్ మాట్లాడుతుందేందని గరమైండు. తెల్లారి సంది సక్రి ఏడున్నరకు ఊడ్శి గేటు దాటాలె అని ఆర్డరు. పిల్లలు మల్ల గోడలు చూసుడు మొదలుపెట్టిండ్రు. జాంకైతే అసలే నోరిప్పకపోయేది.

ఇప్పుడొకటి చెప్త, మీ పెద్దమ్మకు గూడ సగమే తెలుసు. నాకు లంబాడీ వస్తది. వస్తదంటే అటుఇటు గాదు, మంచిగ వస్తది. చిన్నప్పుడు మా ఊరి పక్కనే తండా. పన్నెండేండ్లు వొచ్చేదాంక వాళ్ల పోరగాండ్లతోనే గొర్లు గాసిన, వాళ్ల బాటి తిన్న, వాళ్ల తిట్లే తిట్టిన. కని బడిల చెప్పుకోలె. నా తెలుగునే తెలుగు గాదనేటోళ్ల ముంగట లంబాడీ గూడ వస్తదంటే ఇంకేమన్న ఉన్నదా? ఏండ్లకేండ్లు ఆ పిల్లలు నా ముంగటనే ‘సారూ, ఒంటికొస్తుంది, నీళ్ల దూప అయితుంది, వీడు కొట్టిండు’ అని వాళ్ల మాటల చెప్తుంటే, తెల్వనట్టు చూసిన. ఒకసారి ఒకడు బట్టలల్లనే పోసుకున్నడు. అడుగుతనే ఉండె వాడు. ఇనుకుంట కూసున్న.

సక్రి ఒక్కామెకు దొరికిపోయిన. ఆర్డరు రాకముందు సంగతి. జోగారావు సారు ఎవరినో తిట్టుకుంట వరండాల పోతుంటే, ఆమె పిల్లలకు లంబాడీల నెమ్మదిగ ఏమన్నదంటే, ‘ఈ సారుకు కోపమొస్తే తుమ్ము రాని మేక లెక్క మూతి పెడ్తడు’ అన్నది. ఫక్కున నవ్విన. నవ్వి, దగ్గినట్టు చేసిన. ఆమె చూసింది. ఎవ్వలికి చెప్పలె.

ఆ ఏడే ఒక కాయితమొచ్చింది. ప్రతి బడి నుంచి అయిదుగురు మందబుద్ధి పిల్లల పేర్లు రాసి పంపాలె, దవాఖానల క్యాంపు పెడ్తరు అని. మా బడిల నిజంగ అసొంటి పిల్ల ఒక్కతే ఉండె. ‘అయిదు అడిగితే అయిదు ఇవ్వాలండీ, లేకపోతే మళ్ళీ మెమో’ అన్నడు జోగారావు సారు. నేనే రాసిన. నోరిప్పనోళ్లు ఎవరని చూసిన, నలుగురు లంబాడి పిల్లల పేర్లు రాసిన. మూడోది జాంకి. ఏమనుకుంటున్నవో అను, నేను గూడ అనుకున్న. క్యాంపుల డాక్టరు చూస్తడు గద, మంచిగున్నోళ్లను మంచిగున్నరనే రాస్తడు గద అని నాకు నేను చెప్పుకున్న.

క్యాంపుకు ముంగట్రోజు సక్రి మా ఇంటి గేటు కాడికొచ్చింది. లంబాడీల మాట్లాడలె నాతోని, తెలుగులనే అన్నది. ‘సారూ, నా బిడ్డకు అన్నీ తెలుసు. నేను చెప్తే తల్లి చెప్తుందంటరు. మీరొక్క మాట అడుగుండ్రి దాన్ని, మా మాటల. డాక్టరు ముంగట. అంతే సారూ.’ నేను సరే అన్న. అన్న బిడ్డా, ఈ నోటితోనే అన్న.

దవాఖానల పెద్ద లైను. తల్లులందరు బయట. లోపట డాక్టరు, జోగారావు సారు, నేను, ఇంకో రెండు బళ్ల సార్లు. డాక్టరు బొమ్మల అట్టలు పెట్టుకున్నడు. ఆవును చూపిచ్చిండు. ‘ఇదేందమ్మా?’ జాంకి బెదిరి, నేర్చిన తెలుగు మాట మర్శి, నెమ్మదిగ ‘గావ్డి’ అన్నది. రొట్టె చూపిచ్చిండు. ‘బాటి’ అన్నది. పిల్లనెత్తుకున్న ఆడామెను చూపిచ్చిండు. ‘యాడి’. మూడుకు మూడు కరెక్టు. చెవుల పడ్డది నాకు. డాక్టరు మంచోడే, పాపం, పెన్ను ఆపిండు. ‘ఏదో గొణుగుతుంది, ఏమంటుంది?’ అన్నడు. ‘వాళ్ళ గోలండీ డాక్టరు గారూ, అదీ ఒక భాషేనా’ అని జోగారావు సారు నవ్విండు. మిగిలిన సార్లు గూడ నవ్విండ్రు. డాక్టరు నా దిక్కు తిరిగిండు. ‘మీరు క్లాస్ టీచర్ గదా, మీకేమన్నా తెలుస్తుందా? కరెక్టే చెప్తుందా?’ జాంకి గూడ నా దిక్కే చూస్తుంది.

‘తెలియదండి’ అన్న. అండి గూడ పెట్టిన, సక్కగ.

అయిపోయింది. రాసిండు, ముద్రేసిండు. మా రిజిస్టర్ల పేరు మీద ఎర్ర గీత కొట్టిండ్రు. బడంగ్‌పేట్ అవుతల ఏదో సెంటరుకు పంపుమన్నరు, బండొస్తదన్నరు. ఒక్కనాడు రాలె బండి. వారం రోజులు ఆ పిల్ల బడి గేటు కాడ సంచి ఏసుకొని నిలబడ్డది. లోపట నేను అటెండెన్సు పిలుస్తున్న. వారం తర్వాత సక్రి పని మానేసింది. మానేసిన నాడు నా దగ్గరికొచ్చింది. తిడుతదనుకున్న. తిడితే బాగుండు. లంబాడీల అన్నది, ‘నువ్వు గూడ పిల్ల లెక్కనే భయపడ్డవ్ సారూ’ అని. మా తండా దోస్తుల తర్వాత, నాకు వస్తదని తెలిసి నాతోని ఆ మాటల మాట్లాడింది ఆమె ఒక్కతే. అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు ఇటుక బట్టీలకు పోయిండ్రని మా అటెండర్ మట్టయ్య చెప్పిండు. తర్వాత కొన్నేండ్లకు, జ్వరమొచ్చి పోయిందని గూడ ఆయనే చెప్పిండు.

ఉండు, ఇంకా అయిపోలె. పోయిన ఏడు ఎల్బీ నగర్ చౌరస్తాల బస్సు కోసం నిలబడ్డ. ‘సిద్దిరాములు సార్ గద?’ అని ఒకామె వొచ్చి కాళ్లు మొక్కింది. ‘నేను జాంకిని సార్’ అన్నది. పక్కన టై కట్టుకున్న చిన్న పిల్ల, ఆమె బిడ్డ. దిల్‌సుఖ్‌నగర్‌ల లేడీస్ హాస్టల్ల వంట చేస్తదట. కోచింగుకొచ్చిన ఆడపిల్లలే రాత్రిపూట కూసోబెట్టి చదువుడు నేర్పిండ్రట, బస్సు బోర్డులు గడగడ చదివింది నాకు. ఆ చిన్నది కొంగు గుంజి లంబాడీల దూపయితుందన్నది. ఇట్ల ఒక్క దెబ్బ ఏసింది తల్లి, భుజం మీద. ‘బయట గా మాట మాట్లాడొద్దన్ననా లేదా? తెలుగుల అడుగు’ అన్నది. నాకు ఏమైందో ఏమో బిడ్డా, నోటికి అదే వొచ్చింది. కొట్టకమ్మా పిల్లను, నువ్వు మంచిగున్నవా, మీ అమ్మ నిన్ను మస్తు ప్రేమగ చూసుకునేది అని, అంత లంబాడీలనే అన్న. నిలబడి చూసింది నన్ను. ‘మీకు మా మాట వస్తదా సార్?’ అన్నది. ‘ఎప్పట్నుంచి వస్తది?’ అని గూడ అడిగింది.

అంటే తల్లి చెప్పలె ఆమెకు. సచ్చేదాంక చెప్పలె.

ఈ నడుమనే నేర్చుకున్ననమ్మా అన్న. రిటైరైన తర్వాత, పొద్దు పోక. ‘మంచిగ నేర్చుకున్నరు సార్, అచ్చం మా అమ్మ లెక్కనే అంటున్నరు’ అని, సంబరపడి, బిడ్డతోని నాకు నమస్తే పెట్టిచ్చి బస్సెక్కింది.

కరెంటొచ్చినట్టున్నది. జర ఆ మోటర్ స్విచ్చెయ్యమ్మా, ట్యాంకుల నీళ్లు లెవ్వు.